టైప్ వన్ డయాబెటిస్‌తో పండు వయసు దాకా ఆరోగ్యంగా బతకడం ఎలా

మీకో, మీ ఇంట్లో పిల్లలకో టైప్ వన్ డయాబెటిస్ అని తేలిన వారం రోజుల్లో పలకరించడానికి వచ్చే చుట్టాలలో సగం మంది అన్నం మానేయమంటారు, మిగతా సగం మంది ఫలానా ఊళ్లో పసరు మందు ఇస్తున్నారని చెబుతారు. ప్రేమతో చెప్పిన మాటలే అయినా, ఆ రెండూ పెద్దవయసులో వచ్చే షుగర్‌ను మనసులో పెట్టుకుని చెప్పినవి. నాకు పన్నెండో ఏట ఈ జబ్బు బయటపడింది. మూడు దశాబ్దాలుగా సూదులతో కాపురం చేస్తూ నేను తెలుసుకున్నదేమిటంటే, ఇక్కడ పథ్యం కన్నా ముందు నేర్చుకోవలసిన పని ఒకటుంది. క్లోమం మానేసిన కొలువును మన చేతులతో, లెక్క ప్రకారం, రోజూ చేయడమే ఆ పని.

ఆ పని వచ్చినవాళ్లు ఎంతకాలం బతకగలరో చెప్పడానికి నూరేళ్ల అనుభవం ఉంది. 1922 జనవరిలో టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్ ఎక్కించారు. అదే ఏడాది ఆగస్టులో, అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కూతురు ఎలిజబెత్ హ్యూస్ ఎముకల గూడులాంటి స్థితిలో అక్కడికి వెళ్లి ఇన్సులిన్ మొదలుపెట్టింది. ఆమె కోలుకుని, చదువు ముగించి, పెళ్లి చేసుకుని, ముగ్గురు బిడ్డల తల్లై, 1981లో 73వ ఏట కన్నుమూసింది. ఆ 58 ఏళ్లలో ఎక్కువ భాగం ఇంట్లో రక్తం చూసుకునే మీటరు కూడా లేని కాలమని గుర్తుంచుకుంటే, ఇవాళ మన చేతిలో ఉన్న సాధనాల విలువ తెలుస్తుంది.

ముందుగా, ఇన్సులిన్‌ను ఏ ఒక్క రోజూ ఆపకూడదని ఇంటిల్లిపాదీ ఒప్పుకోవాలి

మన రోగనిరోధక శక్తే పొరబడి క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలను నాశనం చేయడం వల్ల ఈ జబ్బు వస్తుంది. తీపి ఎక్కువ తిన్నందువల్ల రాదు, తల్లిదండ్రుల పెంపకం వల్లా రాదు. కణాలు పోయాక ఇన్సులిన్ బయటి నుంచే అందాలి. అది అందకపోతే శరీరం కొవ్వును విపరీతంగా కరిగించి కీటోన్లు పుట్టిస్తుంది, రక్తం ఆమ్లంగా మారుతుంది. ఇన్సులిన్ పూర్తిగా ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు.

ఇక్కడ ఒక మోసపు మలుపు ఉంది. వైద్యం మొదలైన కొన్ని వారాలకు, మిగిలి ఉన్న కొద్దిపాటి బీటా కణాలు తేరుకుని మళ్లీ కొంత ఇన్సులిన్ ఇస్తాయి కాబట్టి, వేసుకునే మోతాదు బాగా తగ్గిపోతుంది. దీన్నే డాక్టర్లు హనీమూన్ దశ అంటారు. సరిగ్గా ఈ సమయంలో ఎవరో ఒకరు కాకరకాయ రసమో, ఆకు పసరో, పొడి మందో మొదలుపెట్టిస్తారు. తగ్గుదల కనబడగానే ఆ ఘనత పసరుకు దక్కుతుంది, సూది ఆగిపోతుంది. కొన్ని నెలలకు ఆ కణాలూ పోతాయి, బిడ్డ వాంతులతో, ఆయాసంతో ఆసుపత్రికి చేరుతుంది. ఈ కథ ఎన్ని ఇళ్లలో విన్నానో లెక్కలేదు. కాకరకాయ వేపుడు తినండి, బాగుంటుంది; ఇన్సులిన్ పక్కన పెట్టించే మందు ఏదైనా సరే, దాన్ని గడప దాటనివ్వకండి.

సిరంజి, సీసా ఒకదానికొకటి సరిపోయాయో లేదో ప్రతిసారీ చూడండి

మన దేశంలో రెండు రకాల గాఢతలు వాడకంలో ఉన్నాయి. సీసాల్లో వచ్చే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, అంటే యూ-40. పెన్ను ఆకారంలో ఉండే ఇన్సులిన్ పెన్నుల్లో వేసే మందు గొట్టం, అంటే కార్ట్రిడ్జి, 100 యూనిట్లది, అంటే యూ-100. యూ-40 సిరంజికి సాధారణంగా ఎర్ర మూత, యూ-100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటాయి. యూ-100 మందును యూ-40 సిరంజితో తీస్తే కావలసినదానికి రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. తారుమారైతే ఐదింట రెండు వంతులే అందుతుంది.

హాస్టల్లో ఉండగా ఒక రాత్రి నా పెన్ను విరిగింది. మందుల షాపుకు పరుగెత్తి సిరంజి అడిగితే ఎర్ర మూతది చేతిలో పెట్టారు, నేనూ చూసుకోలేదు. కార్ట్రిడ్జి నుంచి పది గీత దాకా లాగి పొడుచుకున్నాను. అంటే పది అనుకుని ఇరవై ఐదు యూనిట్లు వేసుకున్నాను. పెరుగన్నం కలుపుతుండగా చేతివేళ్లు వణకడం, కంచం రెండుగా కనబడటం వరకే గుర్తుంది. గది మిత్రుడు గ్లూకోజు నీళ్లు పట్టించి, తెల్లవార్లూ గంటగంటకూ వేలు పొడిచి చూస్తూ కూర్చున్నాడు. అప్పటి నుంచి సీసా మీద, సిరంజి మీద ఉన్న అంకెలను పైకి చదివి గానీ మందు తీయను.

మందును ఎండ నుంచి కాపాడండి

వాడని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి ఫ్రిజ్ తలుపు అర మంచి చోటు. ఫ్రీజర్ దగ్గర పెట్టి ఒక్కసారి గడ్డకట్టించినా ఆ సీసాను పారేయవలసిందే, కరిగాక మామూలుగా కనబడినా సరే. మూత తెరిచినదాన్ని గది చల్లగా ఉంటే బయటే ఉంచుకుని, సాధారణంగా 28 రోజుల్లో వాడేయాలి. తెరిచిన తేదీని ప్లాస్టరు ముక్క మీద రాసి సీసాకు అంటించండి. నీళ్లలా ఉండవలసిన మందు మబ్బుగా మారినా, అందులో నలకలు తేలినా వాడకండి. బండి డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో, విమానంలో కిందికి పంపే పెట్టెలో ఇన్సులిన్ పెట్టకూడదు. అది ఎప్పుడూ చేతిసంచీలోనే ఉండాలి.

ఫ్రిజ్ లేని ఇంట్లోనూ, కరెంటు పోయే మే నెలలోనూ మట్టికుండ ఆదుకుంటుంది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, మందును నీరు చొరని డబ్బాలో పెట్టి చిన్న కుండలో ఉంచి, తడిగుడ్డ కప్పండి. అనంతపురం, మహబూబ్‌నగర్ వంటి పొడి ఎండల ప్రాంతాల్లో ఇది చక్కగా చల్లబడుతుంది. కాకినాడ, మచిలీపట్నం ఉక్కపోతలో గాలికి తేమ ఎక్కువ కాబట్టి అంతగా చల్లబడదు. అక్కడ పక్కింటి ఫ్రిజ్‌లో ఒక అర అడగడానికి మొహమాటపడకండి.

సూది వేసే చోటు మార్చుతూ ఉండండి

పొట్ట, తొడలు, పిరుదులు, పై చేతుల వెనుక భాగం అనువైన చోట్లు. బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలేయండి. నిన్న పొడిచిన చోటికి కనీసం ఒక వేలి వెడల్పు దూరంలో ఇవాళ పొడవాలి. నొప్పి తెలియడం లేదని ఒకేచోట వేస్తూ పోతే చర్మం కింద కొవ్వు గడ్డ కడుతుంది, అక్కడ వేసిన మందు ఒక రోజు నెమ్మదిగా, మరో రోజు ఒక్కసారిగా రక్తంలో కలుస్తుంది. కారణం తెలియకుండా షుగర్ ఎగుడుదిగుడుగా ఉందని వాపోయే చాలామంది పొట్ట తడిమి చూస్తే ఇదే బయటపడుతుంది. నెలకోసారి స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో తడిమి, గట్టిగా తగిలిన చోటును కొన్ని నెలలపాటు వదిలేయండి. ఆరోగ్యకరమైన చోటికి మారినప్పుడు మందు బాగా పనిచేస్తుంది కాబట్టి మోతాదు తగ్గించవలసి రావచ్చు, డాక్టరును అడగండి. పెన్ను వాడేవారికి 4 మిల్లీమీటర్ల సూది చాలు. ముందు రెండు యూనిట్లు గాలిలోకి వదిలి చూసుకుని, మందు వేశాక పది అంకెలు లెక్కపెట్టి సూది బయటికి తీయండి.

అంకె చూడకుండా మోతాదు వేయకండి

ప్రతి భోజనానికి ముందు, పడుకునే ముందు, ఒంట్లో తేడాగా అనిపించిన ప్రతిసారీ వేలు పొడిచి చూసుకోవాలి. వేలి కొన మధ్యలో కాకుండా పక్క అంచున పొడిస్తే నొప్పి తక్కువ. చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరిన తరువాతే చుక్క తీయండి. ఒక వేసవిలో బంగినపల్లి మామిడి తొక్క తీసి, చేయి తుడుచుకుని పొడిచి చూస్తే మీటరు 310 చూపింది. కడుక్కుని మళ్లీ చూస్తే 128. మొదటి అంకెను నమ్మి సూది వేసి ఉంటే ఆ సాయంత్రం షుగర్ పడిపోయేది.

చాలామంది పెద్దలకు భోజనానికి ముందు 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉండాలన్నది సాధారణ లక్ష్యం. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 7 శాతం లోపు ఉండాలంటారు. చిన్నపిల్లలకు, తరచూ షుగర్ పడిపోయేవారికి డాక్టరు దీన్ని కొంత సడలిస్తారు. చేతికి అంటించుకునే సెన్సర్ వాడితే రోజులో 70 శాతం కన్నా ఎక్కువ సేపు 70కీ 180కీ మధ్య ఉండటం, 70 కన్నా కింద 4 శాతం లోపే ఉండటం చూసుకోండి. సెన్సర్ రక్తాన్ని కాక చర్మం కింది ద్రవాన్ని కొలుస్తుంది కాబట్టి, షుగర్ వేగంగా మారుతున్నప్పుడు కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. అది చెప్పినదీ మీ ఒళ్లు చెబుతున్నదీ కలవకపోతే వేలు పొడిచి తేల్చుకోండి.

కంచంలోని అన్నాన్ని యూనిట్లలోకి మార్చడం

ఈ జబ్బులో అసలు విద్య ఇదే, కాబట్టి కాస్త నిలిచి చదవండి. టైప్ వన్‌కు సరిపడే పద్ధతిలో రెండు రకాల ఇన్సులిన్ ఉంటుంది: రోజంతా మెల్లగా పనిచేసే లాంగ్ యాక్టింగ్ ఒకటి, తిండికి తగ్గట్టు వేసుకునే త్వరగా పనిచేసేది మరొకటి. రెండూ ముందే కలిపిన 30/70 రకంతో కాలక్షేపం చేయవచ్చు గానీ, అది మీ భోజనాన్ని గడియారానికి కట్టేస్తుంది; ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. అవకాశం ఉంటే విడివిడిగా వేసుకునే పద్ధతికి మార్చమని అడగండి.

వంటింటికి ఒక చిన్న తూకం యంత్రం కొనండి. వండిన తెల్లన్నం వంద గ్రాములలో సుమారు 28 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. మీరు రోజూ తినే అన్నం కంచంలో వడ్డించి తూచండి. 200 గ్రాములు తూగిందనుకుందాం, అందులో 56 గ్రాములు. గరిటెడు పప్పుకు పది, పెరుగుకు నాలుగు కలిపితే మొత్తం 70. ఇప్పుడు మీ నిష్పత్తి కావాలి. 500ను మీరు రోజు మొత్తం మీద వేసుకునే యూనిట్లతో భాగిస్తే, ఒక యూనిట్ ఎన్ని గ్రాములకు సరిపోతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. రోజుకు 40 యూనిట్లు వేసుకునేవారికి 500 భాగించు 40, అంటే పన్నెండున్నర గ్రాములకు ఒక యూనిట్. 70 గ్రాములకు ఐదున్నర యూనిట్లు.

తినబోయే ముందు షుగర్ ఇప్పటికే 210 ఉంటే దిద్దుబాటు మోతాదు కలపాలి. త్వరగా పనిచేసే కొత్త తరం ఇన్సులిన్‌కు 1800ను రోజు మొత్తంతో భాగిస్తారు. ఇక్కడ 45 వస్తుంది, అంటే ఒక యూనిట్ సుమారు 45 దించుతుంది. 120కి దిగాలంటే 90 తగ్గాలి కాబట్టి మరో రెండు యూనిట్లు, వెరసి ఏడున్నర. ఈ సూత్రాలు ఆరంభానికే పనికొస్తాయి; మీ అసలు నిష్పత్తులను రెండు వారాల అంకెలు రాసిన పుస్తకం చేతబట్టుకుని డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి. ఉదయం ఒక నిష్పత్తి, రాత్రి మరొకటి ఉండటం మామూలే. దిద్దుబాటు వేసిన గంటకే దిగలేదని కంగారుపడి మళ్లీ వేయకండి, ఎందుకంటే మొదటిది నాలుగు గంటల దాకా పనిచేస్తూనే ఉంటుంది, రెండూ కలిసి ఒక్కసారిగా పడదోస్తాయి.

సమయం కూడా మోతాదంత ముఖ్యం. కొత్త తరం మందును భోజనానికి పది పదిహేను నిమిషాల ముందు, పాత రెగ్యులర్ ఇన్సులిన్‌ను అరగంట ముందు వేసుకోవాలి. ఇడ్లీ, ఉప్మా తిన్న వెంటనే షుగర్ చివ్వున లేచి రెండు గంటల్లో దిగిపోతుంటే, తప్పు మోతాదుది కాకుండా ఈ వ్యవధిది కావచ్చు. పెసరట్టు, కూరలు, గుడ్డు వంటివి ఆ లేవడాన్ని నెమ్మదింపజేస్తాయి. పెళ్లి భోజనంలో బిర్యానీ తింటే కొవ్వు వల్ల షుగర్ మూడు నాలుగు గంటల తరువాత ఎక్కుతుంది కాబట్టి పడుకునే ముందు తప్పక చూసుకోండి.

షుగర్ పడిపోయినప్పుడు

70 కన్నా తగ్గితే చేస్తున్న పని ఆపి వెంటనే 15 గ్రాముల గ్లూకోజు తీసుకోండి, అంటే నీళ్లలో కలిపిన మూడు చెంచాల గ్లూకోజు పొడి. అది లేకపోతే పంచదార. 15 నిమిషాల తరువాత చూసి, ఇంకా 70 లోపే ఉంటే మళ్లీ అంతే తీసుకోండి. చాక్లెట్, లడ్డూ, ఐస్‌క్రీమ్ ఇందుకు పనికిరావు, వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యంగా రక్తంలోకి పంపుతుంది. 54 కన్నా తగ్గితే మెదడు సరిగా పనిచేయదు. మనిషి తిక్కగా మాట్లాడవచ్చు, ఇచ్చిన నీళ్లు తోసేయవచ్చు. ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనంగా భావించకూడదు. స్పృహ తప్పితే నోట్లో ఏదీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఇంట్లో షుగర్‌ను పెంచే గ్లూకగాన్ మందు ఉంటే ఇచ్చి, 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు మాటలు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి, మీరు స్పృహలో లేనప్పుడు చదవవలసింది వాళ్లే కదా.

తరచూ పడిపోయేవారికి కొన్నాళ్లకు చెమట, వణుకు వంటి హెచ్చరికలే రావడం మానేస్తాయి. అలాంటప్పుడు కొన్ని వారాలపాటు లక్ష్యాన్ని కొంచెం పైకి జరిపి పడిపోవడాలను తప్పిస్తే ఆ హెచ్చరికలు చాలామందికి తిరిగి వస్తాయి.

జ్వరం, వాంతులు వచ్చిన రోజు

"ఏమీ తినలేదు కదా, సూది ఎందుకు" అనే మాట ఈ జబ్బులో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. జ్వరంలో శరీరానికి ఇన్సులిన్ అవసరం తరచూ పెరుగుతుంది. లాంగ్ యాక్టింగ్ ఆపకుండా, రెండు మూడు గంటలకోసారి షుగర్ చూసుకుంటూ, నీళ్లు, మజ్జిగ, గంజి కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. 250 దాటి దిగకపోతే మూత్రంలో కీటోన్లు చూసే పట్టీలతో పరీక్షించండి. రక్తంలో కొలిచే మీటరు ఉంటే 1.5 దాటగానే డాక్టరుకు చెప్పండి, 3 దాటితే ఆసుపత్రికి వెళ్లండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, లోతైన ఆయాసం, నోట్లో మగ్గిన పండు వాసన కనబడితే అంకెల కోసం ఆగకండి. వీటిని గ్యాస్ట్రిక్ అనుకుని ఇంట్లో వాము నములుతూ కూర్చున్నవాళ్లు ఉన్నారు. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే మొదటి మాటగా "టైప్ వన్, ఇన్సులిన్ మీద ఉన్నాను" అని చెప్పండి.

ఏడాదికోసారి చేయించవలసినవి

అమెరికా, కెనడాల్లో 1,441 మందితో జరిగి 1993లో ముగిసిన డీసీసీటీ అధ్యయనంలో, షుగర్‌ను దగ్గరగా అదుపులో ఉంచుకున్నవారికి కంటి రెటీనా దెబ్బతినే ముప్పు 76 శాతం తగ్గింది. మూత్రపిండాలకు, నరాలకు కూడా మేలు కనబడింది. అయితే వాళ్లలో షుగర్ తీవ్రంగా పడిపోవడాలు మూడింతలు అయ్యాయి. గట్టిగా బిగించడమే గొప్ప అనుకోకూడదని అందుకే అంటాను.

జబ్బు వచ్చిన ఐదేళ్ల నుంచి ఏటా కంటిపాప పెద్దది చేసి రెటీనా చూపించుకోవాలి. చూపు బాగానే ఉందన్నది వాయిదాకు కారణం కాదు, మొదట్లో చూపు తగ్గదు. మూత్రంలో అల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్, కొలెస్టరాల్, థైరాయిడ్ పరీక్షలు, పాదాల స్పర్శ కూడా అదే వరసలో చూపించుకోండి. రక్తపోటు మాత్రం డాక్టరు దగ్గరికి వెళ్లిన ప్రతిసారీ చూపించుకోవాలి. సిగరెట్ అలవాటుంటే షుగర్ కన్నా ముందు దాని సంగతి చూడండి. భారత వైద్య పరిశోధన మండలి 2022లో టైప్ వన్‌కు ప్రత్యేకంగా మార్గదర్శకాలు విడుదల చేసింది, మీ ఊరి డాక్టరుకు ఈ జబ్బు అరుదుగా తగులుతుంటే వాటి మాట ప్రస్తావించవచ్చు. ఖర్చు భారమైతే జన ఔషధి దుకాణాల్లో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇన్సులిన్ గురించి అడగండి. డబ్బు చాలక మోతాదు తగ్గించి సరిపెట్టుకునే పరిస్థితి వస్తే ఆ విషయం డాక్టరు దగ్గర దాచకండి, చౌకైన రకానికి మార్చే దారి ఉంటుంది.

దీక్షలు, పరీక్షలు, పెళ్లి

అయ్యప్ప మాల వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. లాంగ్ యాక్టింగ్ మోతాదు సరిగ్గా కుదిరినవారు ఒక పూట భోజనంతో ఉండగలరు, తిన్నప్పుడే తిండి మందు వేసుకుంటారు కాబట్టి. కలిపిన 30/70 రకం వాడేవారు అలా పూట మానకూడదు. పాదాల్లో స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా నడవకూడదు; గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. ఏ దీక్షకైనా డాక్టరును ముందుగా అడగండి, పడిపోతే దీక్షలోనైనా గ్లూకోజు తాగవలసిందేనని గురుస్వామికి ముందే చెప్పి ఉంచండి. అలిపిరి మెట్లెక్కే ముందు తిండి మందు కొంత తగ్గించి, జేబులో గ్లూకోజు పెట్టుకుని, గంటకోసారి చూసుకోండి. ఆ రాత్రి కూడా పడిపోవచ్చు, కండరాలు ఖర్చయిన చక్కెరను గంటల తరబడి తిరిగి నింపుకుంటాయి.

సీబీఎస్‌ఈ 2017 నుంచి టైప్ వన్ విద్యార్థులను పరీక్ష గదిలోకి తినుబండారాలు, నీళ్లు తీసుకెళ్లనిస్తోంది. జేఈఈ వంటి పరీక్షలకు ముందుగానే సూచనల పత్రం చదివి, డాక్టరు ధ్రువపత్రం దగ్గర ఉంచుకోండి. పెళ్లి సంబంధాల్లో జబ్బు దాచిపెట్టవద్దు. దాచిన ఇంట్లో సూది చాటుగా వేసుకోవలసి వస్తుంది, చాటుగా వేసుకునేది తప్పుతుంది. బిడ్డను కనాలనుకునే స్త్రీలు గర్భానికి ముందే హెచ్‌బీఏ1సీని వీలైతే 6.5 లోపుకు తెచ్చుకుని, కంటి పరీక్ష చేయించుకుని, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి.

ఏళ్ల తరబడి ఈ లెక్కలతో విసుగు పుట్టడం సహజం. అలాంటి వారాల్లో నేను లక్ష్యాలను వదిలేసి రెండే పనులు చేస్తాను: లాంగ్ యాక్టింగ్ తప్పకుండా వేస్తాను, తినే ముందు చూసి వేస్తాను. విసుగు నెలల తరబడి తీరకపోతే, బరువు తగ్గడానికి కావాలని సూది మానాలనిపిస్తుంటే, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి.

రాత్రి పడుకునే ముందు షుగర్ చూడండి. వంద కన్నా తక్కువ ఉంటే గ్లాసు పాలు తాగండి, పగలు ఎక్కువ నడిచి ఉంటే తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకోండి. గ్లూకోజు పొట్లం, నీళ్ల సీసా మంచం మీద నుంచి చేయి చాపితే అందేచోట పెట్టి దీపం ఆర్పండి.